దవడ నొప్పికి బొటాక్స్ వేయించుకున్నాను, ఏం జరిగిందంటే

బొటాక్స్ అనగానే అందరి చూపూ నా నుదుటి మీదకి పోతోంది. ముడతల కోసం కాదండీ బాబూ, దవడ నొప్పి కోసం. రెండు చెంపల్లో, రెండు కణతల్లో సూదులు వేయించుకుని నాలుగు నెలలు దాటింది. మందు ఎక్కడం, ఉండడం, దిగిపోవడం మూడూ చూసేశాను కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుంది. వేయించుకునే ముందు నేను వెతికితే దొరికినవి రెండే రకాలు, జీవితమే మారిపోయింది అనేవాళ్ళు, ముఖం పాడైపోయింది అనేవాళ్ళు. నాకు ఆ రెండూ జరగలేదు.

నొప్పి మొదలైంది గత ఏడాది మార్చిలో. మొదట్లో దాన్ని దవడ నొప్పి అని కూడా అనుకోలేదు. పొద్దున లేవగానే రెండు కణతలూ పట్టేసినట్టు ఉండేవి, పదీ పదకొండు అయ్యేసరికి తగ్గిపోయేది, నిద్ర చాల్లేదేమో అనుకునేదాన్ని. తర్వాత కుడి చెవి లోపల పోటు మొదలైంది. చెవి డాక్టర్ లోపలికి లైటు వేసి చూసి, చెవి శుభ్రంగా ఉంది, పళ్ళ డాక్టర్‌ని కలవండి అన్నారు. చెవి నొప్పికి పళ్ళ డాక్టర్ ఏంటని విసుగొచ్చింది గానీ ఆయన సరిగ్గానే చెప్పారు. దవడ కీలు చెవికి ఆనుకునే ఉంటుంది, చిటికెన వేలు చెవిలో పెట్టుకుని నోరు తెరిచి మూస్తే అది కదలడం వేలికి తెలుస్తుంది. నాకైతే ఆ కదలికతో పాటు కుడివైపు టక్ మని శబ్దం కూడా వచ్చేది.

డెంటిస్ట్ నోట్లో చూడగానే కనిపెట్టేశారు. ముందు పళ్ళ అంచులు అరిగి ఉన్నాయి, బుగ్గల లోపలివైపు పళ్ళ వరస వెంబడే తెల్లటి గీత, నాలుక అంచుల మీద పళ్ళ అచ్చులు. "రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?" అంటే నాకేం తెలుసు, నిద్రలో ఉంటాను కదా. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే "కొరకడమా! ఒక్కోరోజు ఆ చప్పుడుకి నాకే మెలకువ వచ్చేస్తుంది, చెప్తే నమ్మవని చెప్పలేదు" అన్నారు. అడిగితే గానీ చెప్పని మనిషి.

నైట్ గార్డ్ చేయించారు. పళ్ళ అచ్చు తీసుకున్నాక అది చేతికి రావడానికి రెండు వారాలు పైనే పట్టింది. గట్టి ప్లాస్టిక్‌ది, పై పళ్ళకి తొడుక్కుని పడుకోవాలి. మొదటి వారం నోరంతా ఉమ్మి, ఆ తర్వాత అలవాటైపోయింది. పళ్ళు అరక్కుండా అది కాపాడింది, అందులో సందేహం లేదు, ఎందుకంటే కొన్ని నెలల్లోనే దాని మీద నా పళ్ళు గుంటలు తవ్వేశాయి. కానీ నొప్పి ఉన్నచోటే ఉంది. గార్డ్ పెట్టుకుంటే కొరకడం ఆగదు, పళ్ళకి బదులు ప్లాస్టిక్‌ని కొరుకుతాం, అంతే.

అప్పుడు ముఖం, దవడ నొప్పులు మాత్రమే చూసే స్పెషలిస్టు దగ్గరికి పంపించారు. అపాయింట్‌మెంట్ దొరకడానికే దాదాపు రెండు నెలలు, ఆగస్టులో గానీ కుదరలేదు. ఆ వెయిటింగ్‌లో నేను మెత్తటివి తప్ప తినడం మానేశాను, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపుకునేదాన్ని.

ఆవిడ చేసిన పరీక్ష గురించి కొంచెం వివరంగా చెప్తాను. ముందు స్కేలు పెట్టి నోరెంత తెరుచుకుంటుందో కొలిచారు. నొప్పి లేకుండా 34 మిల్లీమీటర్లు, నొప్పి ఓర్చుకుని సాగదీస్తే 41. మామూలుగా పెద్దవాళ్ళకి 40 పైనే తేలిగ్గా తెరుచుకోవాలట. తర్వాత రెండు వేళ్ళతో దవడ మూల దగ్గర మొదలుపెట్టి, చెంప మీద కొంచెం కొంచెం పైకి జరుపుతూ, ఒక్కోచోట కొన్ని సెకన్లు నొక్కి పట్టుకున్నారు. ప్రతిచోటా అదే ప్రశ్న. "నొక్కితే ఎవరికైనా నొప్పి ఉంటుంది, నేను అడిగేది అది కాదు. ఇది మీకు రోజూ వచ్చే నొప్పేనా?" చెంప మధ్యలో ఒకచోట నొక్కగానే కుడి చెవి లోపల అదే పోటు. వేలు చెంప మీద, నొప్పి చెవిలో! అన్ని నెలలుగా చెవి అనుకుంటున్నది ఈ కండరమా అని నిజంగా నోరు తెరిచాను, ఆ 34 మిల్లీమీటర్లూ.

ఎమ్మారై కూడా తీయించారు. కుడి కీలులో ఉండే చిన్న డిస్క్ ముందుకి జారి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ తన చోటికి వస్తోంది, ఆ టక్ మనే శబ్దం అదే. దానికేం చేస్తారని అడిగితే "ఏమీ చెయ్యను. నొప్పి లేకుండా శబ్దం మాత్రమే ఉంటే దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది, అలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. మీ నొప్పి ముఖ్యంగా కండరాలది" అన్నారు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే నడిచింది. బొటాక్స్ పనిచేసేది కండరం మీద. జారిన డిస్క్‌ని అది వెనక్కి తేలేదు, కీలులో అరుగుదల ఉంటే దాన్ని బాగు చెయ్యలేదు. మీ నొప్పి ఎక్కడిదో తేలకుండా ఎవరైనా నేరుగా సూదికి సిద్ధమైపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

బొటాక్స్ మాట ఆవిడ అప్పుడు ఎత్తనేలేదు. ముందు వేడి కాపడం, దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపీ. ఫిజియో ఆమె గ్లౌజు వేసుకుని బొటనవేలు బుగ్గ లోపల, మిగతా వేళ్ళు బయట పెట్టి కండరాన్ని పట్టుకుని వదులు చేస్తుంది, మొదటిసారి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. దాంతోపాటు పగటిపూట నేను ఎప్పుడెప్పుడు పళ్ళు బిగిస్తున్నానో గమనించుకోమన్నారు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొన అంగిట్లో ఆనాలి, తినేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ అసలు తగలకూడదట. ఈమెయిల్ చదువుతూ, ఫోన్ చూస్తూ, కూరగాయలు తరుగుతూ కూడా నేను దవడ బిగించే ఉంటున్నానని అప్పుడే తెలిసింది. కొన్ని రోజులు నొప్పి మాత్రలు, రాత్రిపూట కండరాలు వదులయ్యే మాత్ర కూడా వాడాను. ఆ మాత్రతో నొప్పి తగ్గింది కానీ మర్నాడు మధ్యాహ్నం దాకా మత్తుగా ఉండేది, ఉద్యోగం చేసుకునేవాళ్ళకి కష్టం.

నవంబర్ చివరికి సుమారు సగం నొప్పి తగ్గింది. నోరు బాగానే తెరుచుకుంటోంది. తగ్గనిది పొద్దున్నే కణతల్లో పట్టేసే నొప్పి, అది మాత్రం పట్టు వదల్లేదు. డిసెంబర్‌లో వెళ్ళినప్పుడు ఆవిడ బొటాక్స్ గురించి చెప్పారు, అమ్మజూపినట్టు కాకుండా దాని మీద ఉన్న అనుమానాలతో సహా. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుకి 1989లో మొట్టమొదట అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకి, కనురెప్పలు వాటంతటవే బిగుసుకుపోయే జబ్బుకి. కనుబొమల మధ్య గీతలకి 2002లో, తీరని మైగ్రేన్‌కి 2010లో వచ్చింది. దవడ నొప్పికి మాత్రం అక్కడ అనుమతి లేదు, డాక్టర్లు తమ విచక్షణ మీద వాడతారు, దాన్నే ఆఫ్ లేబుల్ అంటారు. పైగా 2023లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక దవడ నొప్పికి వ్యాయామాలనీ, ఫిజియోనీ, అలవాట్లు మార్చే కౌన్సెలింగ్‌నీ ముందు పెట్టి, బొటాక్స్‌ని మామూలుగా వద్దనే వైపే చేర్చాయని కూడా చెప్పారు.

"మరి నాకెందుకు చెప్తున్నారు మేడమ్?" అని అడిగేశాను.

"చేయాల్సినవన్నీ మీరు చేశారు. నొప్పి కండరానిదేనని పరీక్షలో తేలింది. చెంప కండరం చూడండి, ఎంత లావైందో. ఒకసారి వేసి చూడొచ్చు. పనిచేయకపోతే రెండోసారి నేనే వేయను" అన్నారు. ఆ చివరి మాటతో నాకు సగం టెన్షన్ తగ్గింది.

ఇది ఎలా పనిచేస్తుందో ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో చెప్తాను. నరం కండరానికి బిగుసుకో అని చెప్పేది అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా. ఈ మందు ఆ రసాయనం విడుదల కాకుండా అడ్డుకుంటుంది. మనకి వేసే మోతాదులో కండరం పూర్తిగా పడిపోదు, దాని పట్టు తగ్గుతుంది. మూడు నాలుగు నెలల్లో నరం మళ్ళీ తన పని తాను మొదలుపెడుతుంది. అంటే పనిచేసినా శాశ్వతం కాదు, వికటించినా శాశ్వతం కాదు.

మా అక్కకి చెప్తే "ఏమే, అది విషమటగా? చెంపలోకి విషం ఎక్కించుకుంటావా?" అంది. విషమే, ఆహారం పాడైతే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా నుంచి వచ్చేదే, కాకపోతే ఇక్కడ వాడేది అతి సూక్ష్మమైన మోతాదు. నన్ను అంతకన్నా ఎక్కువ భయపెట్టింది ఎముక సంగతి. కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో నమిలే కండరానికి ఈ మందు వేస్తే దవడ ఎముక కీలు భాగంలో పలచబడిందని చదివాను. మనుషుల్లో చేసిన అధ్యయనాలు ఒక్కో రకంగా చెప్తున్నాయి. డాక్టర్‌ని అడిగితే కొట్టిపారేయలేదు, అందుకే తక్కువ మోతాదు, ఎక్కువ విరామం అన్నారు. ఏళ్ళ తరబడి వేయించుకుంటూ పోదామనుకునేవాళ్ళు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి.

ముందుగా అడిగే ప్రశ్నల చిట్టా కూడా పెద్దదే. గర్భంతో ఉన్నారా, పాలిస్తున్నారా, మయస్తీనియా గ్రావిస్ లాంటి నరాల, కండరాల జబ్బులున్నాయా, మింగడం కష్టంగా ఉందా, జెంటామైసిన్ తరహా యాంటీబయాటిక్ వాడుతున్నారా, రక్తం పలచబడే మందులున్నాయా, ఇంతకుముందు ఒంట్లో ఎక్కడైనా ఇది వేయించుకున్నారా. చివరిది ఎందుకంటే, పెద్ద మోతాదులు తక్కువ విరామంతో వేస్తూ పోతే కొందరి శరీరం దానికి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది, అప్పుడు మందు పనిచేయడం మానేస్తుంది.

ఇక ఖర్చు. ఈ చెంప కండరానికే ముఖం సన్నగా కనబడడానికి కూడా ఇదే సూది వేస్తారు, అందుకని ఒక బ్యూటీ క్లినిక్‌లో కూడా ఆరా తీశాను. స్పెషలిస్టు చెప్పినదానికంటే బాగా తక్కువ చెప్పారు. ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు, వేసేదెవరు, కణతలకి కూడా వేస్తారా అని అడిగితే మొదటి రెండింటికీ సరైన జవాబు రాలేదు, ప్యాకేజీ అండీ, ప్యాకేజీ అంటారు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. బొటాక్స్ యూనిట్ వేరు, డిస్పోర్ట్ (అదే రకం మందు, వేరే కంపెనీది) యూనిట్ వేరు, ఒకదానికొకటి సమానం కాదు. డిస్పోర్ట్‌లో అదే పనికి యూనిట్లు ఎక్కువ పడతాయి. కాబట్టి యూనిట్ ఇంత అని చెప్పే ధరలు పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. మొత్తం బిల్లు ఎంతో, అందులో ఏముందో అడగాలి.

ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందస్తు అనుమతి కోసం పంపితే మూడు వారాలు నాన్చి, ఇది సౌందర్య చికిత్స కాబట్టి కుదరదని ఒక వాక్యంలో తేల్చేశారు. డాక్టర్ ఉత్తరం, ఎమ్మారై రిపోర్టు, ఫిజియో రికార్డులు జతచేసి అప్పీలు పెట్టాను. ఈసారి సౌందర్యం మాట తీసేసి, ఈ జబ్బుకి ఇది ప్రయోగాత్మక చికిత్స అన్నారు. కారణం మారింది, జవాబు మారలేదు. ఎమ్మారైకి, కన్సల్టేషన్లకి మాత్రం ఇచ్చారు. సూది ఖర్చంతా మా జేబులోంచే. నైట్ గార్డ్‌కి అయినదానికి అది కొన్ని రెట్లు. గార్డ్ ఏళ్ళు వస్తుంది, ఇది నెలల్లో కరిగిపోతుంది, ఆ లెక్క వేసుకుంటే మా ఆయన ముఖం చూడాలి.

జనవరి మధ్యలో ఒక మధ్యాహ్నం వేశారు. గంటకి పైగా బయట కూర్చోబెట్టి, లోపల సూదుల పని పది నిమిషాల్లోపే ముగించారు. ముందు ఫొటోలు తీశారు, మామూలుగా ఒకటి, పళ్ళు బిగించి ఒకటి, నవ్వుతూ ఒకటి. ఆ నవ్వు ఫొటో ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. సంతకం పెట్టే కాగితంలో మందు దూరంగా వ్యాపించి మింగడానికి, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది రావచ్చనే హెచ్చరిక ఉంది, అది చదివి చేతులు చల్లబడ్డాయి. ఇంత మోతాదులో చాలా అరుదు, కానీ అలా అనిపిస్తే పొద్దునదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి అన్నారు.

పళ్ళు గట్టిగా బిగించమని, ఉబ్బిన కండరం చుట్టూ తెల్ల పెన్సిల్‌తో గీశారు. చెవి దగ్గర నుంచి నోటి మూల దాకా ఒక గీత గీసి, దానికి పైన చెంపలో వేయను, పైకి పోతే నవ్వే కండరాలకి తగులుతుంది అన్నారు. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి నా ముందే సెలైన్ కలిపారు, లేబుల్ చూపించారు. నాకు చెంపకి 30, కణతకి 10 చొప్పున, రెండు వైపులా కలిపి 80 యూనిట్లు. సీసాలో ఉండేది 100. కలిపిన మందు దాచుకుని తర్వాతిసారికి వాడేది కాదు, కాబట్టి బిల్లు మాత్రం సీసా మొత్తానికి. మిగిలిన 20 సంగతి ఏంటని ముందే అడిగి పెట్టుకోండి, కొన్నిచోట్ల వాడినంతకే కడతారు, కొన్నిచోట్ల ఇలా.

సూది చాలా సన్నం. చెంపలో చీమ కుట్టినంత కూడా కాదు, పళ్ళ డాక్టర్ చిగుళ్ళలో వేసే మత్తు సూదితో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు. కణతలో మాత్రం వేరే కథ. నొప్పి కాదు, చప్పుడు. సూది దిగుతుంటే కొత్త తోలు చెప్పులు కిర్రుమన్నట్టు తల లోపల వినబడింది. ఎవరూ ముందు చెప్పలేదు, ఎముకకి తగిలిందేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. అందరికీ అలాగే వినిపిస్తుంది, చెవి పక్కనే కదా అన్నారు ఆవిడ తాపీగా. పట్టుకోవడం అంటే గుర్తొచ్చింది, ఆ టైమ్‌లో నా పళ్ళు బిగుసుకునే ఉన్నాయి.

నాలుగు గంటలు పడుకోవద్దు, చెంపలు రుద్దొద్దు, ఆ రోజు వ్యాయామం వద్దు, వేడి కాపడం వద్దు అన్నారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే దోమ కుట్టినంత చిన్న బుడిపెలు, అవి కూడా గంటలో పోయాయి. ఎడమ చెంప మీద ఒక కమిలిన మచ్చ వారం ఉంది.

మొదటి మూడు నాలుగు రోజులు ఏమీ లేదు. అసలేమీ లేదు, తలనొప్పి ఇంకొంచెం ఎక్కువైంది కూడా. ఈ టైమ్‌లోనే చాలామందికి డబ్బు పోయిందనే దిగులు పట్టుకుంటుంది, నాకూ పట్టింది. తిమ్మిరి ఎక్కుతుందేమోనని చెంప గిల్లి చూసుకునేదాన్ని. ఎక్కదు. ఇది మత్తుమందు కాదు, స్పర్శ ఎక్కడికీ పోదు, నొప్పిని నేరుగా చంపేది కాదు.

వారం తిరిగేసరికి తేడా తెలిసింది. చెంపల మీద వేళ్ళు పెట్టుకుని పళ్ళు బిగించాను. ఎప్పుడూ రాయిలా ఎగసే కండరం కొంచెం కదిలి ఆగిపోయింది. ఇంకా గట్టిగా బిగించాలని చూశాను, గట్టిదనం రాలేదు. దవడ నా మాట వినకపోవడం అదే మొదటిసారి, కాస్త భయం, కాస్త నవ్వు. రెండో వారం మధ్యలో ఒకరోజు లేచి, పళ్ళు తోముకుని, స్నానం చేసి, బట్టలు వేసుకుంటుండగా గుర్తొచ్చింది, కణతలు పట్టేయలేదు. దాదాపు ఏడాదిగా లేనిది. ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. ఆ తర్వాత వారానికి ఒకటో రెండో పొద్దున్నలు మాత్రమే నొప్పి ఉండేది, అదీ తక్కువగా. చెవి పోటు పూర్తిగా పోయింది.

నమలడం మాత్రం కష్టమైంది. మెత్తటివి బాగానే ఉంటాయి, కొంచెం గట్టివైతే సగంలో దవడ అలిసిపోతుంది, ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి మళ్ళీ నమలాలి. అందరూ చేతులు కడుక్కుని లేచిపోతే నేను ఒక్కదాన్నే కంచం ముందు. మూడు నుంచి ఆరు వారాల మధ్య ఇది బాగా ఎక్కువ, తర్వాత సర్దుకుంది. మాట్లాడడంలో ఏ తేడా లేదు.

అసలు భయం మూడో వారంలో వచ్చింది. ఎవరో తీసిన ఫొటోలో నవ్వుతుంటే నా నోటి కుడి మూల సరిగా పక్కకి వెళ్ళడం లేదు. మామూలుగా ఉంటే తెలీదు, పళ్ళు కనబడేలా నవ్వితేనే వంకర. వెంటనే క్లినిక్‌కి ఫోన్ చేస్తే వచ్చి చూపించమన్నారు, జనవరిలో తీసిన ఆ నవ్వు ఫొటో అప్పుడు బయటికి తీశారు. నోటి మూలని పక్కకి లాగే ఒక సన్నటి కండరం చెంప కండరం ముందు అంచు మీదుగా పోతుందట, కొంచెం మందు అక్కడికి పాకింది. విరుగుడు ఏమీ లేదు, ఆగాల్సిందే. ఐదారు వారాలు పెదాలు మూసుకుని నవ్వాను. అంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు, నేనే అద్దం ముందు నిలబడి కొలుచుకునేదాన్ని. తర్వాత దానంతట అదే పోయింది.

ముఖం సన్నబడింది, నిజమే. రెండు నెలలకి దవడ మూలలు తగ్గి ముఖం కోలగా కనబడింది. "బరువు తగ్గావా?" అని అడిగినవాళ్ళకి అవునన్నాను, ఈ కథంతా ఎవరు చెప్తారు. కాకపోతే వయసు పైబడినవాళ్ళకి అలా కండ తగ్గితే చర్మం కిందకి వేలాడినట్టు కనబడొచ్చని డాక్టర్ అన్నారు, అందరికీ అది బోనస్ కాదు.

మారనివి కూడా చెప్పాలి. కుడివైపు టక్ మనే శబ్దం అలాగే ఉంది, ఈ వాక్యం టైప్ చేస్తూ నోరు తెరిచి చూశాను, ఉంది. పళ్ళు బిగించే అలవాటూ పోలేదు. మందు పనిచేస్తున్నంత కాలం కూడా పళ్ళు తగులుతూనే ఉన్నాయి, పట్టు లేదు గనక నొప్పి రాలేదు. మా ఆయన మాట ప్రకారం రాత్రి చప్పుడు తగ్గింది కానీ ఆగలేదు. నైట్ గార్డ్ మానొద్దని డెంటిస్ట్ గట్టిగా చెప్పారు, మానలేదు. ఫిజియో ఆమె అయితే నన్ను అసలు వదల్లేదు. కండరం మొరాయించని ఈ రెండు మూడు నెలలే పని నేర్చుకునే టైమ్, ఇప్పుడు వ్యాయామాలు మానేస్తే మందు దిగగానే మళ్ళీ మొదటికొస్తావ్ అని ప్రతిసారీ పాఠం. ఆమె పోరు పడలేక ఫోన్‌లో గంటకోసారి అలారం పెట్టుకున్నాను, అది మోగినప్పుడల్లా పళ్ళు విడిగా ఉన్నాయో లేదో చూసుకోవడం. ఫిబ్రవరిలో మోగిన ప్రతిసారీ బిగించే ఉండేదాన్ని. ఏప్రిల్‌కి సగం సార్లు విడిగా దొరుకుతున్నాయి.

మందు దిగడం ఒక్కరోజులో జరగలేదు. ఏప్రిల్ రెండో వారం నుంచి చెంప కండరం వేళ్ళ కింద మళ్ళీ గట్టిగా తగలడం మొదలైంది, నమలడం మామూలైపోయింది. నెలాఖరుకి పొద్దున తలనొప్పి వారానికి మూడు రోజులదాకా వచ్చింది, కానీ డిసెంబర్‌లో ఉన్నంత తీవ్రంగా లేదు. అప్పుడు పదికి ఏడు అనేదాన్ని, ఇప్పుడు నాలుగు అంటాను.

మే మొదటి వారంలో మళ్ళీ డాక్టర్‌ని కలిశాను. నోరు నొప్పి లేకుండా 43 మిల్లీమీటర్లు తెరుచుకుంది. పన్నెండు వారాలు దాటింది కాబట్టి కావాలంటే రెండోసారి వేయొచ్చు, తొందరేమీ లేదు అన్నారు. నేను వెంటనే వద్దన్నాను. నొప్పి మళ్ళీ ఆరు దాటి రెండు మూడు వారాలు అలాగే నిలబడితే అప్పుడు వేయించుకుంటాను, వేసినా చెంపలకి ఇంకా తక్కువ, ముందు అంచుకి దూరంగా, కణతలకి మాత్రం అంతే. అంతకుముందు కీలు ఎముకకి ఒక స్కాన్ తీసి పెట్టుకుందామని ఆవిడే అన్నారు, మున్ముందు పోల్చి చూసుకోవడానికి. సీసా మొత్తానికి డబ్బు కట్టే విషయం కూడా ఈసారి మాట్లాడాను. అదే రోజు ఇంకో పేషెంట్ ఉంటే సీసా ఇద్దరికీ కలిపి లెక్క వేసేలా అపాయింట్‌మెంట్ ఇస్తామన్నారు, అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పేవాళ్ళు కాదు. జులై చివర్లో చూపించుకోవాలి, అప్పటిదాకా గార్డ్, అలారం, వేడి కాపడం.